డ్రిల్ బ్యాటరీతో ఇంట్లో నీళ్లు తోడొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కరెంటు లేక ఇంట్లో నీళ్లు బకెట్లతో ఎత్తిపోశాం. నా దగ్గర 20 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్, 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు ఉన్నాయి. వాటితో చిన్న పంపు చేసుకోవచ్చా? మందు కొట్టే స్ప్రేయర్ మోటారు పనికొస్తుందా?

జవాబు: పంపు చేసుకోవచ్చు, స్ప్రేయర్ మోటారు మాత్రం వద్దు. గుంటూరు వైపు మిర్చి చేలల్లో వాడే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండేది డయాఫ్రమ్ పంపు, అంటే రబ్బరు పొర ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్లు నెట్టేది. ఒత్తిడి బాగానే ఇస్తుంది, కానీ నిమిషానికి తోడేది కొద్ది లీటర్లే. వరద బురద లోపలికి పోతే వాల్వులు పట్టేస్తాయి. పడవల్లో చేరిన నీళ్లు తోడే 12 వోల్టుల సబ్‌మెర్సిబుల్ పంపు ఉంటుంది, ఆన్‌లైన్‌లో బిల్జ్ పంపు అని వెతకండి. డబ్బా మీద గంటకు 4,000 లీటర్లని రాసి ఉంటే, అది పైపు పైకెత్తకుండా వేసిన లెక్క. సగం వస్తుందనుకోండి. 12×10 అడుగుల గదిలో 4 అంగుళాల నీళ్లంటే దాదాపు 1,100 లీటర్లు. అరగంట పైచిలుకు పని. అడుగున మిగిలేదానికి చీపురే గతి.

మీ ఒక్కో బ్యాటరీ ప్యాకులో 5 సెల్స్ ఉంటాయి. నిండా ఛార్జి చేసినప్పుడే 20 వోల్టులు దాటుతుంది, పనిలో ఉన్నప్పుడు 18 వోల్టులుగానే లెక్క. 18ని 2తో గుణిస్తే 36 వాట్ అవర్లు. 12 వోల్టుల పంపు 4 ఆంపియర్లు లాగితే 48 వాట్లు, మధ్యలో కొంత వృథా పోగా ఒక్కో బ్యాటరీ 40 నిమిషాలొస్తుంది. (కొన్ని చవక కిట్ల మీద 48, 88 వోల్టులని రాసేస్తారు. మల్టీమీటర్ పెడితే అసలు సంగతి తెలుస్తుంది.)

ప్యాకు దూర్చే అడాప్టర్, పాజిటివ్ వైరుకు 10 ఆంపియర్ల ఫ్యూజు, వోల్టేజీని 12కి దించే బక్ కన్వర్టర్ కావాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, బ్యాటరీలు చచ్చేది అందుకే. చాలా ప్యాకుల్లో ఛార్జి అడుగంటినప్పుడు ఆపే బాధ్యత డ్రిల్‌దే, బ్యాటరీది కాదు. డ్రిల్ అయితే నీరసించి మనకు తెలిసేలా చేస్తుంది. కన్వర్టర్ చివరిదాకా 12 వోల్టులే ఇస్తుంది కాబట్టి పంపు హుషారుగానే తిరుగుతుంటుంది, ఈలోగా సెల్స్ పాడైపోతాయి. కాబట్టి బ్యాటరీకీ కన్వర్టర్‌కీ మధ్య లో వోల్టేజ్ కటాఫ్ బోర్డు పెట్టి, 15 వోల్టుల దగ్గర ఆగేలా సెట్ చేయండి.

పంపు ఒక్కటే నీళ్లలో ఉండాలి, మిగతావన్నీ మూతున్న డబ్బాలో, ఎత్తు మీద. నీళ్లలోకి దిగేముందు ఇంటి మెయిన్ కట్టేయండి, కరెంటు లేకపోయినా సరే.