పోలీసు కాల్పుల తర్వాత జరిగే నిరసనలపై స్థానిక పత్రికలను ఎంతవరకు నమ్మవచ్చు? సోంపేట అనుభవంతో ఒక జవాబు

పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయాక జనం చేసే ఆందోళనలను స్థానిక పత్రికలు, ఛానళ్లు ఉన్నదున్నట్టుగా చూపిస్తాయా, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అని మీరు అడిగారు. 2010లో సోంపేట కాల్పులు జరిగినప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో ఉపసంపాదకుడిగా పనిచేస్తున్నాను కాబట్టి, దగ్గరగా తెలిసిన ఆ ఘటన ఆధారంగానే జవాబు చెబుతాను. కాల్పులు జరిగిన మర్నాడు వచ్చే పతాక శీర్షిక కన్నా, ఆ తర్వాతి నెలల్లో జిల్లా పేజీల్లో వచ్చే చిన్న చిన్న వార్తలే ఎక్కువ నమ్మదగినవని నా అభిప్రాయం. కానీ ఆ పేజీలు జిల్లా సరిహద్దు దాటవు. ఉద్యమానికి అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలోని ‘బీల’ ఒక చిత్తడి నేల. చుట్టుపక్కల గ్రామాల పొలాలకు నీరు, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత అక్కడినుంచే వస్తాయి. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ప్రభుత్వం జీవో 1107 ద్వారా నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి భూమి కేటాయించింది. లక్కవరం, గొల్లగండి, బెంకిలి వంటి గ్రామాలు దాన్ని వ్యతిరేకించాయి. 2010 జూలై 14న పనులు మొదలుపెట్టేందుకు కంపెనీ మనుషులు భారీ పోలీసు బందోబస్తుతో రావడం, జనం అడ్డుకోవడం, లాఠీఛార్జి, కాల్పులు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ ఇద్దరూ బతికి ఉండేవారు కదా అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ రాత్రి డెస్కులో వార్త ఎలా తయారైందో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పోలీసుల కథనం మాకు ఒకే ముక్కగా, పూర్తిగా అందింది: రాళ్లు ఎవరు వేశారు, ఎంతమంది సిబ్బంది గాయపడ్డారు, కాల్పులు ఎందుకు తప్పలేదు అన్నవన్నీ అందులో ఉన్నాయి. గ్రామస్థుల కథనం మాత్రం ముక్కలుగా వచ్చింది. ఒకరు ఆస్పత్రి వరండాలో, ఒకరు తోటల్లో, ఇంకొకరు ఫోనుకు అందని చోట ఉన్నారు. జిల్లా పేజీలు త్వరగా ప్రెస్సుకు వెళ్లాలి కాబట్టి, పూర్తిగా ఉన్న కథనం వార్త మొదట్లోకి, ముక్కలుగా వచ్చినది లోపలి పేరాల్లోకి వెళ్లింది. ఇందులో ఎవరూ ఎవరికీ అమ్ముడుపోనక్కర్లేదు. వార్త పంపిన మా మండల కంట్రిబ్యూటర్‌కు జీతం లేదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి డబ్బు వస్తుంది, ప్రత్యేక సంచికలకు ప్రకటనలు సేకరించే బాధ్యత కూడా అతనిదే, రోజువారీ నేరవార్తల కోసం వెళ్లవలసింది కూడా అదే పోలీసు స్టేషన్‌కు. ఆ పరిస్థితిలో ఉండి కూడా అతను గాయపడినవాళ్ల పేర్లు, ఊళ్లు, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో అర్ధరాత్రి వరకు ఫోనులో చెబుతూనే ఉన్నాడు. స్థానిక విలేకరులందరినీ ఒకే గాటన కట్టి తిట్టేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి అతనే కారణం. టీవీ ఛానళ్లు ఆ ఘర్షణ దృశ్యాలను ప్రసారం చేయడం కూడా ఎంతో మేలు చేసింది; కళ్లతో చూసినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టం.

తర్వాతి సంగతి బయట చాలామందికి తెలియదు. మొదటి రోజుల్లో సోంపేట అన్ని ఎడిషన్ల మొదటి పేజీలో ఉంది. నాయకుల పరామర్శలు ముగిశాక ఆ వార్త ఈ జిల్లాలో మాత్రమే వచ్చే జిల్లా పేజీల్లోకి, అంటే శ్రీకాకుళం మినీలోకి జారిపోయింది. దాంతో విజయవాడలోనో కరీంనగర్‌లోనో అదే పత్రిక కొన్న పాఠకుడికి సోంపేట కథ అక్కడితో అయిపోయింది. ఇక్కడ మాత్రం రిలే నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి నడిచాయి, ప్రభుత్వం చివరికి జీవో 1107ను రద్దు చేసేవరకు ఆ ఊళ్లు పట్టు వదలలేదు. దీక్షా శిబిరం వార్త మినీలో నాలుగైదు వరుసలు ఉండేది: ఇది ఎన్నో రోజు, ఈ రోజు ఏ ఊరివాళ్లు కూర్చున్నారు, వారి పేర్లు. పేజీలో చోటు చాలకపోతే ముందు కత్తిరించేది ఆ పేర్లనే. కానీ ఉద్యమం బతికే ఉందని చెప్పగల ఆధారం ఆ పేర్లే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. 2011 ఫిబ్రవరి 28న ఇదే జిల్లాలో, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్లీ కాల్పులు జరిగి ప్రాణాలు పోయినప్పుడు కూడా వార్త ఇదే దారిన నడిచింది.

కేసుల సంగతి మరీ అన్యాయంగా మరుగున పడింది. ఇలాంటి ఘటనల్లో ఎఫ్‌ఐఆర్‌లో కొందరి పేర్లు రాసి, చివర ‘మరికొందరు’ అని చేరుస్తారు. ఆ ఒక్క మాటతో ఊళ్లో ఏ మగవాడినైనా ఎప్పుడైనా తీసుకెళ్లవచ్చు. అరెస్టు భయంతో మగవాళ్లు రాత్రుళ్లు ఇళ్లలో పడుకోకపోవడం, ఆస్పత్రికి వెళితే పట్టుకుంటారేమోనని దెబ్బలు దాచుకోవడం వంటివి పెద్ద వార్తలుగా రాలేదు. మానవ హక్కుల వేదిక వంటి సంఘాలు నిజనిర్ధారణకు వచ్చి ఊళ్లలో తిరిగి రాసిన నివేదికలు ఆ లోటును కొంత తీర్చాయి. వాటిని, జిల్లా పేజీలను కలిపి చదివితేనే జరిగినదేమిటో అర్థమవుతుంది.

మీ ప్రాంతంలో ఇలాంటి ఘటన జరిగి ఉంటే, మొదటి రోజు పత్రికలో పోలీసుల మాట ఎంత ఉంది, బాధితుల మాట ఎంత ఉంది అని చూసుకొని అక్కడితో ఆగిపోకండి. ఆ తర్వాతి వారాల జిల్లా పేజీలను కత్తిరించి తేదీ వేసి దాచండి, ఎందుకంటే పాత మినీ పేజీలు కొన్నాళ్లకు ఇంటర్నెట్‌లో కూడా దొరకవు. మెజిస్టీరియల్ విచారణకు ఆదేశించినప్పుడు, ఘటన గురించి తెలిసినవారు ఫలానా తేదీన ఆర్డీవో ముందు హాజరై వాంగ్మూలం ఇవ్వవచ్చని ఒక ప్రకటన వస్తుంది. అది సాధారణంగా లోపలి పేజీలో, ఒక కాలమ్‌లో, సభలూ సమావేశాల వార్తల మధ్య ఉంటుంది. ఊళ్లో ఎవరో ఒకరు దాన్ని పట్టుకొని కళ్లారా చూసినవారికి చేరవేయాలి. లేకపోతే ఆ రోజు పోలీసుల వాంగ్మూలాలు మాత్రమే నమోదవుతాయి.