కీబోర్డు మీద స్వరాల పేర్లు: స్టిక్కర్లు వద్దు, ముందు నల్లమెట్లు చూపించండి

మీ పాపకి ఏడేళ్లు, 61 మెట్ల కీబోర్డు కొన్నారు, తెల్లమెట్లన్నీ ఒకేలా కనబడి ప్రతిసారీ ఎడమ చివరి నుంచి లెక్కపెట్టుకుంటోంది, ఎ, బి, సి అని పేర్లున్న స్టిక్కర్లు అంటిస్తే మేలా అని కదా అడిగారు. వద్దండీ. నేను అంటించి దెబ్బతిన్నవాణ్ణే.

నేను సంగీతం టీచర్ని కాను. తిరుపతిలో ఉద్యోగం. కాలేజీ రోజుల్లో వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లతో కీబోర్డు వాయించేవాణ్ణి, ఇప్పుడు నాకున్న శిష్యురాలల్లా మా అక్క కూతురు. (కీ అనకుండా మెట్టు అంటున్నానేమిటంటే, మా తాత హార్మోనియం వాయించేవాడు, ఆయన నోట విని అదే అలవాటైంది.) దానికి కీబోర్డు కొన్న రోజే ఒక షాపులో స్టిక్కర్ల షీటు కూడా కొన్నా, అన్నిటికీ సరిపోతుంది సార్ అన్నాడు. ఇంటికొచ్చి ఎడమ చివర నుంచి వరసగా అంటించుకుంటూ పోయా. ఆ షీటు 88 మెట్ల పియానోకి చేసింది. పెద్ద పియానోలో ఎడమ చివరి మెట్టు ఎ, 61 మెట్ల కీబోర్డులో మాత్రం సి. పది రోజులపాటు మా పిల్ల సి ని ఎ అనీ, డి ని బి అనీ చదివింది! వీడియో పాఠంలో ఒకటి పలికితే మా ఇంట్లో ఇంకొకటి పలుకుతుంటే, అప్పటిగ్గానీ నాకు బుర్ర వెలగలేదు. సరిచేసి మళ్లీ అంటించాక కూడా అది స్టిక్కర్ని చదివేదేగానీ మెట్టుని చూసేది కాదు. స్నేహితురాలి ఇంట్లో స్టిక్కర్లు లేని కీబోర్డు ముందు కూర్చోబెడితే బిక్కమొహం వేసింది.

అలిపిరి నుంచి కొండెక్కేవాళ్లు 3,550 మెట్లూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ ఎక్కరు కదా. గాలిగోపురం వచ్చింది, ఏడో మైలు ఆంజనేయస్వామి వచ్చాడు, ఇంక మోకాళ్ల మెట్టు ఎంత దూరం అని గుర్తులు చూసుకుంటూ పోతారు. కీబోర్డు మీద ఆ గుర్తులు నల్లమెట్లే. రెండు, మూడు, రెండు, మూడు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా అంతే. ఇ కి ఎఫ్ కి మధ్య, బి కి సి కి మధ్య నల్లమెట్టు లేదు కాబట్టే ఆ గుంపులు విడిపోయి కనిపిస్తాయి, అన్నిటి మధ్యా ఉండుంటే మనమంతా నిజంగానే లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది.

అందరూ సి తో మొదలుపెట్టిస్తారు, నేను డి తో మొదలుపెట్టించా. రెండు నల్లమెట్ల గుంపు మధ్యలో ఇరుక్కుని కూర్చునేది అదొక్కటే, పొరపాటు పడే వీలే లేదు. చేతికి ఐదు చింతగింజలు ఇచ్చి డి లన్నిటి మీదా పెట్టమన్నా, సరిగ్గా సరిపోయాయి. మర్నాడు మళ్లీ ఐదే ఇచ్చి సి ల మీద పెట్టమన్నా. చాల్లేదు, ఇంకోటి కావాలి మామా అని వచ్చింది. 61 మెట్లలో సి మాత్రం ఆరు, మిగతా తెల్లవన్నీ ఐదేసి, కుడి చివరన కూడా సి యే ఉంటుంది మరి. అది దానంతటది కనిపెట్టింది కాబట్టి ఇంక మర్చిపోదు. డి వచ్చాక పక్కనున్న సి, ఇ. ఆ తర్వాత మూడు నల్లమెట్ల గుంపుకి ఎడమ పక్కది ఎఫ్, కుడి పక్కది బి. లోపల మిగిలిన రెండూ జి, ఎ. పిల్లలు తికమకపడేది ఈ రెండింటి దగ్గరే, వాటికి ఓ వారం ఎక్కువ ఇవ్వండి. మీ పాపకి అటుకీ ఇటుకీ పేర్లు చెప్పడం కూడా అలవాటు చేయండి, అవరోహణలో జి ఎఫ్ ఇ డి అని రావాలి కదా, చాలామంది ముందుకి గడగడా చెప్పి వెనక్కి రమ్మంటే నీళ్లు నములుతారు.

జి తర్వాత హెచ్ కదా మామా అని కూడా అడిగింది. లేదమ్మా, మళ్లీ ఎ నుంచే అన్నా. జర్మనీలో మనం బి అనేదాన్ని నిజంగానే హెచ్ అంటారనుకోండి, అది దానికి ఇప్పుడు చెప్పలేదు.

ఇంక అసలు చిక్కు, మన ఇళ్లలో మాత్రమే వచ్చేది. పాప కర్ణాటక సంగీతం క్లాసుకి కూడా వెళ్తోందా? వెళ్తుంటే సి అంటే స, డి అంటే రి అని పొరపాటున కూడా చెప్పకండి. సులువుగా ఉంటుంది కదా అని నేను చెప్పా. అది తెల్లమెట్లు వరసగా వాయించి, మామా ఇది తప్పు పలుకుతోంది అంది. పిల్ల చెవే కరెక్టు. క్లాసులో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు నేర్పేది మాయామాళవగౌళ రాగంలో, ఉత్త తెల్లమెట్ల మీద సి నుంచి సి దాకా పోతే వచ్చేది శంకరాభరణం అనే వేరే రాగం. సి ని స అనుకుంటే మాయామాళవగౌళకి రి, ధ రెండూ నల్లమెట్ల మీద పడతాయి. పైగా వాళ్ల టీచరు పాడేది ఐదున్నర శ్రుతిలో, అంటే స వచ్చేది జి షార్ప్ మీద, జి కి కుడి పక్కనున్న నల్లమెట్టు అది. అప్పుడు సి ఏమవుతుందో తెలుసా, గ అవుతుంది!

చివరికి దానికి ఇలా చెప్పా. నేను మీ అమ్మకి తమ్ముణ్ణి, నీకు మామని, మా అమ్మకి కొడుకుని, వరస మారుతుందిగానీ నా పేరు మారుతుందా? సి, డి, ఇ లు పేర్లు. స రి గ లు వరసలు. వెంటనే పట్టుకుంది. ఇదే కారణంతో పేర్లు బాగా వచ్చేదాకా ట్రాన్స్‌పోజ్ బటన్ జోలికి పోనివ్వకండి, అది నొక్కితే సి మెట్టు మీద వేరే స్వరం పలుకుతుంది, పిల్లల బుర్ర తిరిగిపోతుంది.

నల్లమెట్ల పేర్లకి తొందర లేదు. ఒకే మెట్టుకి సి షార్ప్, డి ఫ్లాట్ అని రెండు పేర్లేమిటని అడిగితే, మనకీ రి లలో ఒకటైన చతుశ్రుతి రిషభం, గ లలో ఒకటైన శుద్ధ గాంధారం ఒకే చోట ఉంటాయని గుర్తుచేయండి, పన్నెండు స్థానాలకి పదహారు పేర్లు పెట్టుకున్నాం మనం.

రోజుకి పది నిమిషాలు చాలు. మాకు ఒక నెల పట్టింది.

ఇప్పటికే స్టిక్కర్లు అంటించేసి ఉంటే మాత్రం అన్నీ ఒక్కసారే పీకకండి, పాపకి టెన్షన్. ముందు డి లవి తీయండి, నాలుగు రోజులాగి సి, ఇ లవి, అట్లా ఆఖరికి జి, ఎ లవి. మన ఎండలకి జిగురు మెట్టుకే అంటుకుపోయి ఉంటుంది, గోటితో గీకకుండా మెత్తటి గుడ్డకి రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది తుడవండి, నూనె మెట్ల సందుల్లోకి దిగకుండా చూసుకోండి.