పులిపిరికాయలోకి టీకా ఎక్కిస్తే ప్రమాదమా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. అరికాలిలోనూ చేతి గోళ్ల చుట్టూ రెండేళ్లుగా పులిపిరికాయలు ఉన్నాయి. మందు పూశాం, రెండుసార్లు కరెంటుతో కాల్పించాం, మళ్లీ వచ్చాయి. చిన్నపిల్లలకు వేసే ఎం.ఎం.ఆర్. టీకాను పులిపిరికాయలోకే ఎక్కిస్తామని చర్మవైద్యులు అంటున్నారు. ఆ టీకా బాబుకు చిన్నప్పుడే వేయించాం. మళ్లీ వేస్తే ప్రమాదం కాదా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ప్రమాదం కాదమ్మా, చిన్నప్పుడు ఆ టీకా వేయించి ఉండడమే ఇక్కడ అక్కరకు వస్తుంది. పులిపిరికాయలకు కారణమైన హెచ్.పి.వి. వైరస్ రక్తంలోకి వెళ్లకుండా చర్మం పైపొరల్లోనే దాగి ఉంటుంది కనుక, శరీరంలోని రక్షణ వ్యవస్థ దాన్ని ఏళ్ల తరబడి పసిగట్టలేకపోవచ్చు. కాల్చినప్పుడు కంటికి కనిపించే కాయ పోతుంది కానీ, చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ మిగిలిపోతుంది. మీ అబ్బాయికి జరిగింది బహుశా ఇదే.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా వైరస్‌ల బలహీన రూపాలున్న ఎం.ఎం.ఆర్. టీకాను కాయలోకి ఎక్కించగానే, వాటిని ముందే ఎరిగిన రక్షణ కణాలు అక్కడికి చేరి, పక్కనే ఉన్న హెచ్.పి.వి.ని కూడా గుర్తుపట్టడం మొదలుపెడతాయి. అందుకే ఒక్క కాయలో సూది వేసినా, దూరంగా ఉన్నవి కూడా కొందరిలో రాలిపోతాయి. అన్నిటినీ విడివిడిగా కాల్చే బాధ తప్పించే ఈ గుణం వల్లనే, మీ అబ్బాయిలాంటి వారికి ఇది ప్రయత్నించదగిన చికిత్స అని నా అభిప్రాయం.

సాధారణంగా అన్నిటికంటే పెద్ద కాయలో 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్ల వరకు, రెండు మూడు వారాలకొకసారి, గరిష్ఠంగా ఐదు విడతలు ఇస్తారు. సూది వేసేటప్పుడు నొప్పి ఉంటుంది, అరికాలిలో మరీ ఎక్కువ. ఒకటి రెండు రోజులు వాపు, కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. గోటి పక్కన చోటు ఇరుకు కనుక, వీలైతే అరికాలి కాయనే ఎంచుకోమని అడగండి. వేలికే వేయవలసి వచ్చి, ఆ తర్వాత వేలు నీలంగా మారినా నొప్పి విపరీతమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి సూదికి ముందు, అరికాలిలో ఉన్నది ఆనెకాయ కాదని నిర్ధారించుకోవాలి. వైద్యులు పైపొరను బ్లేడుతో పలుచగా చెక్కినప్పుడు పులిపిరికాయలో తరచూ సన్నని నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన చిన్న రక్తనాళాలు. ఆనెకాయలో ఇవి ఉండవు.

ఎం.ఎం.ఆర్. సజీవ టీకా (బలహీనపరిచినా బతికే ఉన్న వైరస్‌లు కలది) కనుక గర్భిణులకు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడేవారికి, క్యాన్సర్ మందులు తీసుకునేవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి ఇవ్వరు. నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లేదా జెలటిన్ తీవ్రంగా పడనివారు ముందే చెప్పాలి. మన దేశంలో క్షయ నివారణకు వేసే బి.సి.జి. టీకాను, కుష్ఠువ్యాధి కోసం రూపొందిన ఎం.డబ్ల్యు. టీకాను కూడా పులిపిర్లకు వాడుతున్నారు. వాటితో సూది వేసినచోట పుండు పడి మచ్చ మిగలవచ్చు. ఇవేవీ పులిపిర్ల కోసం ప్రత్యేకంగా తయారైనవి కావు, ఫలితం అందరిలో ఒకేలా ఉండదు. ఈ మాట వైద్యులు మీకు ముందే చెప్పాలి.

చికిత్స సాగుతుండగా నల్లజీడి రసం, సున్నం వంటివి పూయవద్దు, చర్మం కాలి పుండ్లు పడతాయి. గోళ్లు కొరికే అలవాటుంటే మాన్పించండి. గోళ్ల చుట్టూ కొత్తవి పుట్టడానికి అదొక పెద్ద కారణం. ఐదు విడతలయ్యాక కూడా మార్పు లేకపోతే, లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం వంటి ఇతర మార్గాల గురించి అదే వైద్యులతో మాట్లాడండి.