పాఠకుల ప్రశ్నలు: ఆరోగ్య ప్రాజెక్టులో సమస్యను, లక్ష్యాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న: ఉద్దానంలోని ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలిగా) పనిచేస్తున్నాను. కిడ్నీ వ్యాధిపై ఏడాది కాలానికి ఒక ప్రాజెక్టు రాసి ఇమ్మన్నారు. ‘ప్రజల్లో అవగాహన లేకపోవడం’ సమస్యగా, ‘వ్యాధిని తగ్గించడం’ లక్ష్యంగా రాసి పంపితే స్పష్టత లేదని తిప్పి పంపారు. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ‘అవగాహన లేకపోవడం’ అన్నది సమస్య కాదు, ఏదో ఒక సమస్యకు అది కారణమై ఉండవచ్చునన్న మీ ఊహ. ఊహను సమస్య స్థానంలో కూర్చోబెట్టగానే సదస్సులు, కరపత్రాలు, ర్యాలీ అంటూ పరిష్కారం కూడా ముందే నిర్ణయమైపోతుంది. పైగా, కిడ్నీ జబ్బుతో అయినవారిని పోగొట్టుకున్న ఊళ్లలో అవగాహన లేదనడం నాకు న్యాయంగా తోచడం లేదు. డయాలసిస్ అంటే ఏమిటో అక్కడి పిల్లలకు కూడా తెలుసు.

ముందు మీ క్లినిక్ రిజిస్టరు తీసి చూడండి. రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థం ఆధారంగా లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 60 కంటే తక్కువగా గాని, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం వంటి గుర్తులు గాని కనీసం 3 నెలలు కొనసాగితేనే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా నిర్ధారిస్తారన్నది మీకు తెలిసిన విషయమే. అంటే మొదటి పరీక్షలో తేడా కనిపించిన ప్రతి ఒక్కరికీ రెండో పరీక్ష తప్పనిసరి. రిజిస్టరులో తొలి పరీక్ష తేదీ, విలువ నింపి ఉండి, తదుపరి పరీక్ష గడి ఖాళీగా ఉన్న పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. గడచిన ఏడాదిలో తేడా కనిపించినవారు 60 మంది అనుకుందాం. వారిలో 24 మందే మళ్లీ పరీక్ష చేయించుకున్నారనుకుందాం. అప్పుడు మీ సమస్య ఇలా రాయవచ్చు: ‘మా క్లినిక్ పరిధిలో గత 12 నెలల్లో తొలి పరీక్షలో తేడా కనిపించిన 60 మందిలో 36 మంది రెండో పరీక్షకు రాలేదు, అందువల్ల వారిలో వ్యాధి ఉన్నదీ లేనిదీ తేలకుండా, చికిత్స మొదలుకాకుండా ఉండిపోయింది.’ ఎవరికి, ఎక్కడ, ఎంతకాలంగా, ఎంతమేరకు, దానివల్ల నష్టమేమిటి అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. కారణం లేదు, పరిష్కారమూ లేదు. అలాగే ఉండాలి.

కారణాలు ఆ తర్వాత వెతకాలి, అదీ ఆఫీసులో కూర్చుని కాదు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, రాని వారిలో కొందరి ఇళ్లకైనా వెళ్లి అడగండి. జీడి పిక్కలు ఏరే రోజుల్లో పొద్దున్నే తోటకు వెళ్లిపోయే మనిషికి క్లినిక్ వేళలు కుదరకపోవచ్చు. రిపోర్టు చేతికి అందకపోయి ఉండవచ్చు. వ్యాధి తొలిదశలో బాధేమీ తెలియదు కనుక, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకుని ఉండవచ్చు. జబ్బు ఉందని తేలుతుందేమోనన్న భయం కూడా కారణం కావచ్చు. ఒక్కో కారణానికి మందు వేరు. భయపడుతున్న మనిషికి కరపత్రం ఇచ్చి ప్రయోజనం లేదు.

ఇక లక్ష్యం. ఉద్దానంలో ఈ వ్యాధికి ఫలానాదే కారణమని శాస్త్రీయంగా ఇంకా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రభుత్వ స్థాయి ప్రయత్నాలు. ఒక గ్రామ క్లినిక్ ఏడాదిలో వ్యాధిని తగ్గిస్తానని రాయడం చేతికందని మాట ఇవ్వడమే. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పరీక్షలు బాగా చేసిన తొలి ఏడాది రోగుల సంఖ్య తగ్గదు, పెరుగుతుంది. సంఖ్య తగ్గడమే లక్ష్యమైతే, శ్రద్ధగా పనిచేసిన సిబ్బందే విఫలమైనట్టు కనిపిస్తారు. చివరికి పరీక్షలు తగ్గించుకోవాలన్న ఆలోచన పుడుతుంది.

1981లో జార్జ్ డోరన్ ప్రతిపాదించిన ‘స్మార్ట్’ పద్ధతి మీ శిక్షణలో వినే ఉంటారు. లక్ష్యం నిర్దిష్టంగా, కొలవగలిగేలా, సాధ్యమయ్యేలా, ఎవరి బాధ్యతో, ఎప్పటికో తెలిసేలా ఉండాలన్నదే అది. దాని ప్రకారం, ‘తొలి పరీక్షలో తేడా కనిపించినవారిలో 3 నెలలు నిండాక 30 రోజుల్లోగా రెండో పరీక్ష పూర్తయినవారి వాటాను వచ్చే మార్చి 31 నాటికి 40 శాతం నుంచి 75 శాతానికి పెంచడం’ అని రాయవచ్చు. శాతం రాసేటప్పుడు ఎంతమందిలో అన్నది మొదటే ఖాయం చేయండి. చనిపోయినవారిని, వలస వెళ్లినవారిని ఎలా లెక్కిస్తారో కూడా ముందే రాసిపెట్టండి. లేకపోతే ఏడాది చివర పేర్లు కొట్టేసి శాతం పెంచుకునే వీలుంటుంది. ఈ పనిలో పడి బీపీ, షుగర్ రోగులపై శ్రద్ధ తగ్గిందా అన్నది కూడా నెలనెలా గమనించాలి.

ప్రశ్న: మా పరిధిలో గర్భిణులకు ఐరన్ మాత్రల పంపిణీ నూరు శాతం పూర్తయింది. అయినా రక్తహీనత తగ్గలేదు. లక్ష్యం చేరినట్టేనా?
– ఒక ఆరోగ్య పర్యవేక్షకుడు, విజయనగరం జిల్లా

జవాబు: పంపిణీ లక్ష్యం చేరింది, రక్తహీనత లక్ష్యం మీరింకా పెట్టుకోలేదు. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రను రక్తహీనత రాకుండా రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి; రక్తహీనత ఉన్నవారికైతే రోజుకు రెండు. వికారం వల్లనో, మలం నల్లగా వస్తోందన్న కంగారుతోనో మానేసేవారు చాలామంది. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అందువల్ల ఇచ్చిన మాత్రలను కాక, ఇంటికి వెళ్లినప్పుడు ఖాళీ అయిన మాత్రల పట్టీలను లెక్కించండి. పేరు నమోదైనప్పుడు హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉన్నవారిలో, కాన్పు నాటికి 11 దాటినవారు ఎందరన్నది లక్ష్యంగా రాయండి. 7 కంటే తక్కువ ఉన్నవారిని ఈ లెక్కలో కలపకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. మాత్రలు సక్రమంగా వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగనివారికి, ముఖ్యంగా గిరిజన గ్రామాలవారికి, సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తవ్యాధి) పరీక్ష జరిగిందో లేదో చూడండి.