సీవీ పంపేముందు ఇది చదువు

బిడ్డా,

హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింట్లో ఆడపిల్ల డిగ్రీ దాకా చదవడమే గొప్ప అనుకునేవాళ్లం, అందుకే మనసు నిండింది. కానీ అమీర్‌పేటలో ఎవరో డబ్బు తీసుకుని రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తారని నీ ఫ్రెండ్ అన్నదట కదా, అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తా. ఫ్రెషర్‌వి, ఒక్క పేజీ చాలు. పీడీఎఫ్‌లో పంపు, ఫైలుకు నీ పేరు పెట్టు. రంగుల డిజైన్లు వద్దు. పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది, గడులూ బొమ్మలూ ఉంటే అది తికమక పడుతుంది. మతం, పెళ్లయిందా లేదా, ఇవన్నీ పెళ్లి బయోడేటాకు దాచుకో. ఆధార్ నంబర్ మాత్రం చచ్చినా రాయకు, ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు. పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయి.

ఇక అసలు సంగతి. నేను కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ సెక్షన్‌లో పనిచేసేటప్పుడు పరకాల వైపు పిల్లాడొకడు సెలెక్టయ్యాడు. సీవీలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్, జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఉన్నాయి. మొదటి జీతం కూడా తీసుకున్నాడు. తర్వాత వెరిఫికేషన్ రిపోర్టు నా టేబుల్ మీదికి వచ్చింది. 2014 నుంచి పీఎఫ్ ఉన్న ఉద్యోగికి యూఏఎన్ అని ఒకటే నంబర్. ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో సర్వీస్ హిస్టరీలో కనబడుతుంది. వాడి స్లిప్పుల్లో నెలనెలా పీఎఫ్ కోసినట్టుంది, ఖాతా మాత్రం అసలు లేనే లేదు. స్లిప్పులు అమ్మినవాడికి అది తట్టలేదు.

మరి ఆ మూడేళ్లూ ఏం చేశావురా అని అడిగితే చాలాసేపటికి నోరు విప్పాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో వాళ్ల మామ అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు చూశాడట. మిర్చి సీజన్‌లో బస్తాలు దిగింది మొదలు కాంటా, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), హమాలీ, రైతుకు ఇవ్వాల్సిన పైకం అన్నీ తనే ఎక్సెల్‌లో ఎక్కించాడట. మేము వాణ్ని తీసుకున్నది అకౌంట్స్ పనికే! ఇది ఎందుకు రాయలేదురా అంటే, "మార్కెట్ పని రాస్తే నవ్వుతారనుకున్నా మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లూ మండింది, ఏడుపూ వచ్చింది. వాణ్ని తీసేస్తున్నామన్న లెటర్ టైప్ చేసింది కూడా నేనే.

నువ్వు ఏం దాస్తున్నావో నాకు తెలుసు. ఇంటర్ నుంచీ మీ అమ్మ వాళ్ల మహిళా సంఘం పుస్తకాలు రాస్తున్నది ఎవరు? "అకౌంట్స్ పరిజ్ఞానం కలదు" అని ఊరుకోకు, అది అందరూ రాస్తారు. ఏ ఏడు నుంచి, ఎంతమంది సభ్యులకు, పొదుపు ఒకవైపు, బ్యాంకు లింకేజీ అప్పు, స్త్రీనిధి (సంఘాలకు అప్పులిచ్చే సంస్థ) వాయిదాలు ఇంకోవైపు ఎలా పెట్టావు, పాస్‌బుక్‌తో ఎలా సరిచూశావు, రెండు లైన్లలో రాయి. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడగలిగిందే ఉంచు. ట్యాలీ క్లాసు మధ్యలో మానేశావు కాబట్టి బేసిక్ అనే రాయి. ఏడాది గ్యాప్‌ను చెరపకు. ఆ ఏడంతా మీ బాపు ఆపరేషన్ కోసం ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ తిరిగావు, అడిగితే అదే చెప్పు.

అమీర్‌పేటోడికి అడ్వాన్స్ కట్టేశావా? కట్టి ఉంటే పోనీ, తిట్టను, మీ అమ్మకూ చెప్పను. ఆ కాగితాలు మాత్రం వాడకు. మడికొండ ఐటీ పార్కులో కూడా ఒకటి వేసి చూడు. ఇది నా స్వార్థం, రోజూ ఇంటికి రావచ్చని.

ఇంకొకటి, నువ్వు నాకు పంపిన కాపీలో పాత ఫోన్ నంబరే ఉంది. ఆ సిమ్ ఇప్పుడు మీ తమ్ముడి దగ్గరుంది, వాడు నేను చేసినా ఎత్తడు. ముందు అది మార్చు.

మీ పెద్దమ్మ,
హనుమకొండ