కాలువ కట్టేశాక బాతు కళ్లు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కొబ్బరి తోటలో మూడు తెల్ల పెద్దబాతులున్నాయి. కుక్క కన్నా బాగా కాపలా కాస్తాయని మావారు తెచ్చారు. పది రోజులుగా ఒకదానికి ఎడమ కన్ను నీరు కారుతోంది, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతున్నాయి. ఇంకోదాని కంటి మూల నురగ కడుతోంది. మేత బాగానే తింటున్నాయి. ఏప్రిల్‌లో నీళ్లు ఆపి కాలువ కట్టేసినప్పటి నుంచి వాటికి స్టీలు బేసిన్‌లో నీళ్లు పెడుతున్నాం. మా అత్తగారేమో నందివర్ధనం పూల రసం పిండమంటున్నారు. మా బాబు కళ్లకలకకు తెచ్చిన చుక్కల మందు సగం మిగిలింది, వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ‘కాలువ కట్టేసినప్పటి నుంచి’ అన్నారు చూడండి, అదే. బాతు తల మొత్తం నీళ్లలో ముంచి విదిలిస్తేనే దాని కళ్లూ ముక్కు రంధ్రాలూ శుభ్రపడతాయి. బేసిన్‌లో ముక్కు తడుస్తుంది గానీ కన్ను తడవదు. దానికి తోడు దాళ్వా (రెండో పంట) నూర్పిళ్ల దుమ్ము. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి కళ్లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే చూశాను.

కాబట్టి మందు కన్నా ముందు టబ్ కొనండి. జానెడు లోతుంటే చాలు. రెండు పూటలా నీళ్లు మార్చి, పాతవి కొబ్బరి మొదట్లో పోయండి, వృథా కావు. చుట్టూ నాలుగు ఇటుకలు పరవకపోతే రెండో రోజుకే బురద చేస్తాయి. రాత్రి పడుకునే చోట ఊక తడిసి ఉందేమో చూడండి. పొద్దున్న తలుపు తీయగానే ఘాటుకు మీ కళ్లు మండితే వాటి కళ్లూ మండినట్టే.

కన్ను కడగడానికి మందుల షాపులో దొరికే సెలైన్ చాలు. బాతును పాత తువ్వాలులో రెక్కలతో సహా చుట్టి తల మాత్రం బయట ఉంచండి, లేకపోతే రెక్కతో కొడుతుంది. ఆ దెబ్బ నాకు తెలుసు! సెలైన్‌లో తడిపిన దూదిని రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచితే పుసి నానుతుంది. అప్పుడు మెల్లగా తుడవండి, గీకొద్దు. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వద్దు.

చుక్కల మందు మాత్రం వేయకండి. కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. కంటి మీద గీత పడి ఉంటే అది పుండును ఇంకా పెంచుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సంక్రాంతి ముందు ఒకాయన డేగపుంజును తెచ్చాడు. కన్ను ఎర్రగా వాచింది. రంగు మందు వేసి గీత ఉందో లేదో చూడకుండానే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసిచ్చాను. మూడో రోజుకు నల్లగుడ్డు ఉడికిన తెల్లసొనలా అయిపోయింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, మళ్లీ మాత్రం రాలేదు. పూల రసం సంగతి మీ అత్తగారికి మీరే నచ్చజెప్పుకోవాలి. మరగని రసం వాచిన కంట్లో పడకూడదు.

మేతలో నూకలు, తవుడే పెడుతుంటే విటమిన్ ఏ అందదు. అది బాగా తగ్గితే రెప్ప కింద పెరుగు గడ్డలాంటిది చేరుతుంది. పెద్దబాతు అసలు గడ్డి మేసే జీవం. తోటకూర, మునగాకు తరిగి వేయండి.

మూడు రోజుల్లో తగ్గకపోయినా, కన్ను మసకబారినా, ముఖం వాచినా, మేత మానేసినా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్కసారిగా రెండు మూడు పక్షులు చనిపోతే ముట్టుకోకుండా పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. బాతులు పైకి బాగానే ఉంటూ దాన్ని మోస్తాయి కూడా.

ప్రశ్న: నాటుకోడి పిల్లలకు కళ్ల చుట్టూ పొక్కులు లేచాయి. కొన్నింటికి రెండు కళ్లూ మూసుకుపోయాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అమ్మవారు పోసినట్టుంది, అంటే కోళ్ల మశూచి. దోమలు అంటిస్తాయి, వైరస్ గనుక దాన్ని చంపే మందు లేదు. పొక్కులు గిల్లకండి, రెండు మూడు వారాల్లో ఎండి రాలిపోతాయి. ఈలోగా కళ్లు కనపడని పిల్లలు ఆకలితో పోతాయి. వాటిని విడిగా దోమతెర కింద పెట్టి, ముక్కు నీళ్లకు ఆనించి తాగించండి, నానబెట్టిన నూక నోటికి అందించండి. వచ్చే విడత పిల్లలకు ముందే టీకా వేయించండి.