లోపలుంటే అలవాటు దానంతటదే పోతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. ఫోన్ దొంగతనం కేసులో నిన్న అరెస్టయ్యాడు. హెరాయిన్ అలవాటుందని అప్పుడే తెలిసింది. చూడ్డానికి వెళితే ఒళ్లంతా వణుకు, ముక్కు కారడం, వాంతులు. ‘నాలుగు రోజులు లోపలుంటే అదే వదులుతుంది, బెయిలు వద్దు’ అంటున్నారు నాన్న. నాకేం తోచడం లేదు.

జవాబు: మీరు చూసింది భయంతో వచ్చిన వణుకు కాదమ్మా. హెరాయిన్ ఆగితే సాధారణంగా 8 నుంచి 24 గంటల్లో ఇలా మొదలవుతుంది. రెండు, మూడు రోజులకు బాగా ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే బెయిలు మాట తర్వాత. ఏం వాడతాడు, ఎంత, చివరిసారి ఎప్పుడు తీసుకున్నాడు అన్నది కనుక్కుని, ఈరోజే డాక్టరుకు చూపించమని గట్టిగా అడగండి. మద్యం, నిద్రమాత్రల అలవాటు కూడా ఉందేమో తప్పక అడగండి. అవి ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ రావచ్చు. చెబితే కేసు బిగుస్తుందేమోనని టెన్షన్ ఉంటే లాయరుతో మాట్లాడండి, డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచొద్దు.

నాన్నగారి కోపంలో న్యాయం ఉంది. దొంగతనానికి జవాబు మీ తమ్ముడే చెప్పుకోవాలి, మీరు వెనకేసుకు రానక్కర్లేదు. కానీ లాకప్ వైద్యం చేయదు. మత్తు లేకుండా గడిచిన రోజుల్లో తగ్గేది దాన్ని తట్టుకునే శక్తి. కోరిక అలాగే ఉంటుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుంచి వచ్చిన మొదటి రెండు వారాల్లోనే ఈ చావుల ముప్పు చాలా ఎక్కువ. నాన్నగారికి ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది చెప్పండి.

చికిత్స లోపల ఉండగానే మొదలైతే మంచిది. బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు కోరికను అదుపులో పెడతాయి, చావులనూ తగ్గిస్తాయి. ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పెడతారా’ అని చుట్టాలు అంటారు. పట్టించుకోకండి, ఇది డాక్టరు చూసి ఇచ్చే మందు. చికిత్సకు వెళ్లాలన్న షరతుతో బెయిలు అడగొచ్చేమో లాయరును కనుక్కోండి.

విడుదల రోజు మీరే వెళ్లి, ఇంటికంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మోతాదు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నప్పుడు దాన్ని తిరిగి తెప్పించే నలాక్సోన్ అనే మందు ఇంట్లో ఉంచుకునే వీలుందా అని అక్కడే అడగండి. రేపు కలిసినప్పుడు ‘ఎందుకు చేశావురా’ అని మొదలుపెట్టకండి. డాక్టరు వచ్చాడా, నీళ్లు తాగుతున్నావా అని అడగండి.